నలభై బిట్ల తాళం

హైదరాబాదులో కంప్యూటర్ల కథ: పదకొండో భాగం

1995 జూలై, ఆగస్టు నెలల్లో మూడు దేశాల్లో మూడు సంగతులు జరిగాయి. ఫిన్లండులో ఒక యూనివర్సిటీ పరిశోధకుడు, తమ నెట్‌వర్కులో ఎవడో చొరబడి పాస్‌వర్డులు ఏరుకుపోయాడని తెలిసి, దానికి విరుగుడుగా ఒక ప్రోగ్రాం రాసి లోకం మీదికి ఉచితంగా వదిలాడు. ఫ్రాన్సులో ఇంకో పరిశోధకుడు, అమెరికా తన సరిహద్దు దాటనిచ్చిన కంప్యూటర్ తాళాన్ని ఎనిమిది రోజుల్లో విప్పి చూపించాడు. మన దేశంలో పంద్రాగస్టు నాడు విదేశ్ సంచార్ నిగం, అదే వీఎస్‌ఎన్‌ఎల్, సామాన్య జనానికి ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మడం మొదలుపెట్టింది. ఒకరి పని ఒకరికి తెలియదు. కానీ తర్వాతి పదేళ్లలో తార్నాకలో కూర్చుని దూరపు కంప్యూటర్ తెరవబోయిన ప్రతి మనిషి వేళ్ల కిందా ఈ మూడూ ఉన్నాయి.

గత భాగంలో ఈసీఐఎల్ గేటు దగ్గర ఆగాం. 1967లో అయ్యగారి సాంబశివరావు గారు నిలబెట్టిన సంస్థ, 1969లో అక్కణ్నుంచి వచ్చిన టీడీసీ-12, ఆ తర్వాత 312, 316 యంత్రాలు, అదంతా చెప్పుకున్నాం. ఆ కాలంలో కంప్యూటర్‌తో పనిబడితే మనిషే కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలి. కార్డులు పట్టుకుని వెళ్లడం, క్యూలో పెట్టడం, ఫలితానికి మళ్లీ వెళ్లడం. ఇప్పుడు అక్కణ్నుంచి తార్నాక చౌరస్తాకి వద్దాం.

ఉప్పల్ వైపు నుంచి వస్తే భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ (1961), జీవకణాల పరిశోధన చేసే సీసీఎంబీ (1977), తర్వాత 1944 నాటి నిజాం కాలపు ప్రయోగశాల నుంచి ఎదిగిన రసాయన సంస్థ ఐఐసీటీ. చౌరస్తా దాటి యూనివర్సిటీ దారి పడితే 1958లో కూనూరు నుంచి మకాం మార్చిన పోషకాహార సంస్థ. ఆపైన 1918లో పుట్టిన ఉస్మానియా, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ భవనం. మనిషి తీరిగ్గా నడిచి వెళ్లగలిగినంత మేరలో ఇంత విజ్ఞానం ఒక్కచోట పోగుపడిన పేట దేశంలో ఎక్కువ లేవని నా అభిప్రాయం. ఇక్కడ పీహెచ్‌డీకి పేరు ఉస్మానియాలో, పని ఐఐసీటీలోనో పోషకాహార సంస్థలోనో చేసే విద్యార్థులు మామూలే. పేరు ఒకచోట, యంత్రం ఒకచోట, మనిషి నాచారంలో అద్దె గదిలో. దూరం నుంచి కంప్యూటర్ వాడుకోవాల్సిన అవసరం ఈ పేటకు పుట్టుకతోనే ఉంది.

అవసరం ఉంది గానీ తీగ ఆలస్యంగా వచ్చింది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో ఎర్నెట్ అనే విద్యా పరిశోధనా నెట్‌వర్కు మొదలుపెట్టింది. తొలి ఎనిమిది చోట్లు ఏవంటే బొంబాయిలో ఎన్‌సీఎస్‌టీ, బెంగుళూరులో ఐఐఎస్‌సీ, అప్పటి ఐదు ఐఐటీలు, ఢిల్లీలో ఆ శాఖ కార్యాలయం. దేశానికి కంప్యూటర్లు చేసిచ్చిన హైదరాబాదు ఆ జాబితాలో లేదు. ఈ మాట రాసేటప్పుడు నాకు ఇప్పటికీ కొంచెం కడుపు మండుతుంది.

ఆ రోజుల్లో దూరపు యంత్రంలోకి వెళ్లడానికి వాడిన మార్గం పేరు టెల్నెట్. దాని మూలాలు 1969లో ఉన్నాయి. స్థిరమైన నియమావళి మాత్రం 1983లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాశారు. జాయిస్ రేనాల్డ్స్ పేరు గుర్తుపెట్టుకోండి, ఆమె మళ్లీ వస్తారు. టెల్నెట్ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. నువ్విక్కడ ఒక అక్షరం కొడితే అది అలాగే అక్కడికి పోతుంది. పాస్‌వర్డు కొట్టినా అంతే. తెర మీద చుక్కలు కూడా కనపడవు కాబట్టి దాచిపెట్టినట్టే అనిపిస్తుంది. తీగ మీద మాత్రం పచ్చిగా, ఉన్నది ఉన్నట్టు పోతుంది.

దీన్ని వినడం ఎంత తేలికో చెప్పాలి. అప్పటి ల్యాబుల్లో యంత్రాలన్నీ ఒకే తీగకో, హబ్ అనే ఒక డబ్బాకో తగిలించి ఉండేవి. హాస్టల్ మెస్సులో ఎవరి పేరో పెట్టి గట్టిగా పిలిస్తే అందరికీ వినిపిస్తుంది, ఆ పేరున్నవాడు మాత్రం లేచి వస్తాడు. హబ్ మీద సమాచారం సరిగ్గా అలాగే నడిచేది. ప్రతి ప్యాకెట్టూ ప్రతి యంత్రం గుమ్మం దాకా వస్తుంది, తనది కానిదాన్ని మర్యాదగా వదిలేస్తుంది. మర్యాద వదిలేయమని ఒక యంత్రానికి చెప్పడానికి ఒక్క చిన్న ప్రోగ్రాం చాలు. ఇక ఆ గదిలో ఎవరు ఏ పాస్‌వర్డు కొట్టినా నీ ఫైల్లో పడుతుంది.

వీఎస్‌ఎన్‌ఎల్ ఇచ్చిన కనెక్షన్లలో కూడా ఈ దూరపు యంత్రమే ఉంది. బొమ్మలతో సహా వెబ్ చూపించే కనెక్షన్‌కు ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకు ఏడాదికి 500 రూపాయల షెల్ అకౌంటు. ఐదొందల వాడికి దొరికేదేమిటంటే, మోడెంతో ఫోన్ చేసి వీఎస్‌ఎన్‌ఎల్ యూనిక్స్ యంత్రంలోకి లాగిన్ అవ్వడం. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఈమెయిలుకి పైన్, వెబ్బుకి లింక్స్ అనే అక్షరాల బ్రౌజరు. అమెరికాలో సీటు వెతుక్కునే కుర్రాళ్లు ఆ నల్ల తెర మీదే ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాశారు. ఒక తరం హైదరాబాదు ఇంజనీర్లు దూరపు కంప్యూటర్‌ను మొదట చూసింది అలాగే. ఆ తరం పాస్‌వర్డులన్నీ పచ్చిగానే పోయాయి.

ఇప్పుడు ఫిన్లండు సంగతి. టాటు యులోనెన్ అప్పుడు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. 1995లో ఆ యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు వినే ప్రోగ్రాం పెట్టి వేల పాస్‌వర్డులు పోగేశారని బయటపడింది. యులోనెన్ తన వరకు ఒక విరుగుడు రాసుకుందామని మొదలుపెట్టాడు. లాగిన్ అవ్వాలి, కానీ తీగ మీద పోయేదంతా గజిబిజిగా ఉండాలి. దానికి ఎస్‌ఎస్‌హెచ్ అని పేరు పెట్టాడు. సురక్షితమైన షెల్ అన్నమాట.

విడుదల చేసే ముందు ఒక చిన్న పని మిగిలింది. ఇంటర్నెట్‌లో ప్రతి సేవకూ ఒక తలుపు నంబరు, పోర్టు, ఉంటుంది. ఫైళ్ల బదిలీకి 21, టెల్నెట్‌కి 23. మధ్యలో 22 ఖాళీగా ఉండటం ఆయన చూశాడు. 1995 జూలై 10న నంబర్లు కేటాయించే కార్యాలయానికి ఈమెయిలు రాశాడు. మర్నాటికల్లా జవాబొచ్చింది, 22 మీకే ఇచ్చామని. కింద సంతకం జాయిస్. టెల్నెట్ నియమావళి రాసిన ఇద్దరిలో ఒకరైన ఆ రేనాల్డ్స్ గారే, టెల్నెట్‌ను ఇంటికి పంపబోయే ప్రోగ్రాంకు దాని పక్క తలుపు కేటాయించారు. ఈ రోజుల్లో ఇలాంటి నంబరుకి ఎన్ని కమిటీలు కూర్చుంటాయో ఊహించుకోండి. ఆ ఏడాది చివరికి 50 దేశాల్లో 20,000 మంది ఎస్‌ఎస్‌హెచ్ వాడుతున్నారు. డిసెంబరులో యులోనెన్ కంపెనీ పెట్టాడు.

వినేవాడు పక్కనే కూర్చుని ఉండగా ఇద్దరు రహస్యంగా ఒక తాళంచెవి ఎలా ఒప్పుకుంటారు? ఎస్‌ఎస్‌హెచ్ మొదటి రూపం దీనికి ఆర్‌ఎస్‌ఏ పద్ధతి వాడింది. రెండో రూపం నుంచి 1976లో డిఫీ, హెల్మన్ ప్రకటించిన పద్ధతి వచ్చింది. ఇది చిన్న అంకెలతో చేసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు, కాబట్టి కాగితం తీసుకోండి.

ఆర్ట్స్ కాలేజీలో ఒకమ్మాయి, తార్నాకలో ఒకబ్బాయి. అందరూ వినేలా రెండు అంకెలు ఒప్పుకున్నారు, 3, 17. అమ్మాయి మనసులో 6 అనుకుంది. మూడును ఆరుసార్లు వేసి గుణిస్తే 729. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఆ 15ను గట్టిగా చెప్పింది. అబ్బాయి మనసులో 7 అనుకున్నాడు. మూడును ఏడుసార్లు గుణిస్తే 2187, 17తో భాగిస్తే శేషం 11. అతను 11 అని గట్టిగా చెప్పాడు. ఇప్పుడు అమ్మాయి అతని 11ను తన ఆరుసార్లు గుణించి 17తో భాగిస్తే శేషం 8. అబ్బాయి ఆమె 15ను తన ఏడుసార్లు గుణించి 17తో భాగిస్తే శేషం 8. ఇద్దరి దగ్గరా 8 ఉంది, ఎనిమిది అన్న మాట ఎవరూ పలకలేదు. మధ్యలో కూర్చుని విన్నవాడికి 3, 17, 15, 11 తెలుసు. మన చిన్న లెక్కలో అయితే వాడు అన్నీ ప్రయత్నించి ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. పదిహేడుకి బదులు ఆరువందల అంకెలున్న సంఖ్య పెడితే మాత్రం భూమి మీదున్న యంత్రాలన్నీ కలిసినా పట్టలేవు.

ఈ లెక్కలో ఒక కంత ఉంది. అమ్మాయికి 11 అని చెప్పింది తార్నాక అబ్బాయేనని ఎవరు హామీ? మధ్యలోవాడే ఇటు అబ్బాయిలా, అటు అమ్మాయిలా నటిస్తే ఇద్దరితోనూ విడివిడిగా తాళాలు ఒప్పుకుంటాడు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రతి సర్వరుకూ తనదైన ఒక కీ ఉంటుంది, దానికొక వేలిముద్ర ఉంటుంది. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ప్రోగ్రాం ఆగి అడుగుతుంది, ఈ యంత్రం ఎవరో నాకు తెలియదు, వేలిముద్ర ఇది, ముందుకు పోనా అని. గణితం చేయగలిగిందంతా చేసి చివరి ఒక్క ప్రశ్న మనిషికి వదిలింది. మనిషి ఏం చేశాడో కొంచెం తర్వాత చూద్దాం.

ఫ్రాన్సుకు వెళ్లాలి ముందు. అప్పట్లో అమెరికా చట్టం బలమైన ఎన్‌క్రిప్షన్‌ను, అంటే సమాచారాన్ని గజిబిజి చేసి తాళం వేసే పద్ధతిని, తుపాకులతో కలిపి ఆయుధాల జాబితాలో పెట్టింది. నెట్‌స్కేప్ బ్రౌజరు అమెరికాలో 128 బిట్ల తాళంతో, బయటి దేశాలకు 40 బిట్ల తాళంతో వచ్చేది. నలభై బిట్లంటే సుమారు 1,09,951 కోట్ల తాళంచెవులు. వినడానికి పెద్ద సంఖ్యే. 1995 ఆగస్టులో ఫ్రాన్సు పరిశోధకుడు డామియన్ డోలిజే దాదాపు 120 వర్క్‌స్టేషన్లను ఖాళీ వేళల్లో తిప్పి ఎనిమిది రోజుల్లో సరైన తాళంచెవి పట్టుకున్నాడు. 1997 జనవరిలో బర్క్‌లీ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ 250 యంత్రాలతో అలాంటి ఇంకో 40 బిట్ల పందేన్ని మూడున్నర గంటల్లో ముగించాడు. ఒక యూనివర్సిటీ ల్యాబు, ఒక పూట. అంతకు మించి అక్కర్లేదని అందరికీ తెలిసిపోయింది.

అందరికీ అన్నాను గానీ మన టెలికాం శాఖకు కాదు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ వ్యాపారం తెరిచారు. ముందు బరిలోకి దిగింది మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వాళ్ల అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే. ఇంటర్నెట్ లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం స్థిరపడింది. ఆర్‌ఎస్‌ఏలో గానీ దానికి సమానమైన మరో పద్ధతిలో గానీ 40 బిట్ల దాకా ఎన్‌క్రిప్షన్ వాడుకోవడానికి అనుమతి అక్కర్లేదు. అంతకు మించితే అనుమతి తీసుకోవాలి, తాళంచెవిని రెండు ముక్కలు చేసి శాఖ దగ్గర జమ చేయాలి. 2007 మార్గదర్శకాల్లో కూడా ఈ వాక్యం ఉంది. ఈ రంగం తెలిసినవాళ్లకు అందులో ఇంకో వినోదం కనిపిస్తుంది. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఆనాటికే కీలు 512, 1024 బిట్లుండేవి. నలభై బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీని విప్పడం ఇంటర్ చదివే పిల్లాడు కంప్యూటర్ ముందు కూర్చుని చేయగల పని.

ఎస్‌ఎస్‌హెచ్ వాడేది 128 బిట్లు, ఆపైన. లైసెన్సు షరతును అక్షరాలా పట్టుకుంటే తార్నాకలో ఏ ఇంటర్నెట్ కేఫ్ క్యాబిన్లో కూర్చుని ఏ కుర్రాడు అమెరికా యూనివర్సిటీ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ కొట్టినా, ముందు తాళంచెవిని రెండు ముక్కలు చేసి సర్కారుకు అప్పజెప్పాలి. ఆ తాళంచెవి ప్రతి కనెక్షన్‌కూ కొత్తగా పుట్టి, కనెక్షన్ తెగగానే చచ్చిపోతుంది. దాన్ని ముక్కలు చేసి కవర్లో పెట్టడం బ్రహ్మకు కూడా వల్లకాదు. కాగితం మీద నలభై అలాగే ఉంది, తీగ మీద నూటఇరవై ఎనిమిది అలాగే పారింది.

ఇదే నగరంలో, మాసబ్ ట్యాంక్ దగ్గర, ఇదే సమయంలో సరిగ్గా దీనికి ఎదురు పని జరుగుతోంది. 1996లో రిజర్వు బ్యాంకు అక్కడ ఐడీఆర్‌బీటీ అనే సంస్థ పెట్టింది. 1999లో ఆ సంస్థ ఉపగ్రహం మీదుగా బ్యాంకులన్నిటికీ కలిపి ఇన్ఫినెట్ అనే నెట్‌వర్కు నడపడం మొదలుపెట్టింది. 2001లో దాని మీద బ్యాంకుల మధ్య సురక్షిత సందేశాల వ్యవస్థ వచ్చింది. అదే 2001లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగుకి మార్గదర్శకాలిస్తూ కనీసం 128 బిట్లు ఉండి తీరాలంది. ఒక శాఖ నలభై దాటితే అడిగి దాటమంటుంది, ఇంకో సంస్థ నూటఇరవై ఎనిమిదికి తగ్గితే ఊరుకోనంటుంది. రెండూ భారత ప్రభుత్వ ముద్రలే. ఇన్ఫినెట్ కథ పెద్దది, దానికి ఒక భాగమంతా కేటాయించాను.

ఈ చిక్కు తీర్చడానికి 2008లో ఐటీ చట్టానికి 84ఏ సెక్షను చేర్చి, ఎన్‌క్రిప్షన్ పద్ధతులు నిర్ణయించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. 2015 సెప్టెంబరులో ఒక ముసాయిదా వచ్చింది. పౌరులు పంపిన సందేశాల అసలు పాఠాన్ని 90 రోజులు దాచి, అడిగితే చూపించాలని అందులో ఉంది. వాట్సాప్ వాడే ప్రతి ఇంట్లో గగ్గోలు పుట్టింది. రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు.

ఇక ప్రోగ్రాంల సంగతి. యులోనెన్ కంపెనీ పెట్టాక కొత్త వెర్షన్ల లైసెన్సు బిగుస్తూ వచ్చింది. స్వీడన్‌లో బ్యోర్న్ గ్రోన్‌వాల్ పాత ఉచిత వెర్షన్ 1.2.12ను తీసి బాగుచేయడం మొదలుపెట్టాడు. దాన్ని కెనడాలో థియో డి రాట్ నడిపే ఓపెన్‌బీఎస్‌డీ బృందం అందుకుంది. అమెరికా ఎగుమతి చట్టం తగలకుండా ఉండాలని వాళ్లు ఆ పనిని అమెరికా బయటే పెట్టుకున్నారు. 1999 డిసెంబరు 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. ఇవాళ లోకంలో ఏ సర్వరు తలుపు తట్టినా దాదాపు అదే పలుకుతుంది.

విండోస్ వాళ్లకు మాత్రం చాలాకాలం ఆ భాగ్యం లేదు. సైమన్ టాథమ్ అనే ఇంగ్లండు ప్రోగ్రామరు రాసిన పుట్టీ అనే బుల్లి ప్రోగ్రామే దిక్కు. హైదరాబాదులో సిస్టం అడ్మిన్ ఉద్యోగం చేసినవాడి పెన్‌డ్రైవులో పుట్టీ లేకపోవడం నేను చూళ్లేదు. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం తెరిచింది గానీ, విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పెడదామన్న ప్రతిపాదనను కంపెనీ పెద్దలు రెండుసార్లు తోసిపుచ్చారు. ఆ మాట చెప్పింది బయటివాళ్లు కాదు, 2015 జూన్‌లో ఆ కంపెనీలోనే పవర్‌షెల్ అనే విండోస్ కమాండ్ల సాధనం తయారుచేసే బృందమే. నాయకత్వం, పద్ధతులు మారాయి కాబట్టి మూడోసారి అడిగితే ఒప్పుకున్నారని కూడా వాళ్లే రాశారు. మారిన నాయకత్వమంటే 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయిన సత్య నాదెళ్ల, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు కుర్రాడు. 2015లోనే మైక్రోసాఫ్ట్ ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషనుకు పెద్ద మొత్తంలో విరాళమిచ్చింది. 2018 నాటికి విండోస్ 10లో ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తానే ఉంటోంది.

ఇంతవరకూ తలుపు తట్టింది మనిషి. యాభై సర్వర్లున్న చోట ప్రతి రాత్రీ ఫైళ్లు తేవాలంటే మనిషి కూర్చుని తట్టలేడు, ప్రోగ్రామే తట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ చేసే పనంతా, ఆ లెక్కలూ తాళాలూ వేలిముద్రలూ, సిద్ధంగా కట్టిపెట్టి, నీ ప్రోగ్రాంలోంచి ఒక్క పిలుపుతో వాడుకోమని ఇచ్చే కోడు మూటనే లైబ్రరీ అంటారు. సీ భాష వాళ్లకు లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్, లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 ఉన్నాయి. జావా వాళ్లకు జపాను నుంచి అత్సుహికో యమనాక రాసిన జేఎస్‌సీహెచ్ వచ్చింది. పైథాన్ వాళ్లకు 2003లో రోబీ పాయింటర్ మొదలుపెట్టిన పారమికో. పది పదిహేను లైన్లలో ప్రోగ్రాం దూరపు యంత్రంలోకి వెళ్లి, కమాండు నడిపి, ఫలితం తెచ్చి, తలుపు మూసి వస్తుంది. యాభై సర్వర్లయినా ఐదొందలయినా అదే పది లైన్లు. 2012లో వచ్చిన ఆన్సిబుల్ అనే సర్వర్ల నిర్వహణ సాధనం తొలి రోజుల్లో నడిచింది పారమికో మీదే.

అయితే ఆ చివరి ప్రశ్న, ఈ యంత్రం నీకు తెలుసా అన్నది, ఇప్పుడు ఎవరినడగాలి? తెర ముందు మనిషి లేడు. జావా లైబ్రరీ సరిగ్గా ఇక్కడ ఆగిపోయేది, తెలియని యంత్రమని మొరాయించేది. అప్పుడు అమీర్‌పేట మైత్రీవనం కోచింగ్ సెంటర్ల మెట్ల నుంచి గచ్చిబౌలి ఐటీ కంపెనీల క్యూబికల్ దాకా ఒక లైను చేతులు మారింది. స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్, కామా, నో. అంతే, ప్రశ్న అడగడం మానేస్తుంది. పైథాన్‌లో దానికి తోబుట్టువు ఆటో యాడ్ పాలసీ, ఎవరొచ్చినా జాబితాలో రాసుకుని లోపలికి రానిస్తుంది. పారమికో రాసినవాళ్లు పాపం జాగ్రత్తపరులు. ఏమీ చెప్పకపోతే తెలియని యంత్రాన్ని తిరస్కరించడమే దాని స్వభావం. తిరస్కరించకుండా చేసే లైనే అందరూ మొదట నేర్చుకునే లైనైంది.

నిజానికి తేడా పెద్దగా లేదు. మనుషులు తెర ముందున్న రోజుల్లో కూడా ఎవరూ వేలిముద్ర చదవలేదు. పుట్టీ పసుపుపచ్చ త్రికోణంతో ఒక పెట్టె చూపించి, ఇది నువ్వనుకున్న కంప్యూటరేనని నీకు ఏ హామీ లేదు అని సాదా మాటల్లో చెప్పేది. చూసినవాళ్లంతా ఎస్ కొట్టారు. లైబ్రరీ వచ్చి చేసింది ఏమిటంటే, ఆ ఎస్‌ను ఒకసారి కోడులో రాసేసి ఎప్పటికీ కొట్టక్కర్లేకుండా చేసింది. గణితంలో తప్పు లేదు. నలభై బిట్ల కాలం పోయింది, తాళం ఎవరూ విప్పలేరు. ఆ తాళం ఎవరి తలుపుకు వేస్తున్నావన్నది మాత్రం 1995లో ఉన్నచోటే ఉంది.

లైబ్రరీల్లోనే పొరపాట్లు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2018లో ఒకే ఏడాదిలో రెండు బయటపడ్డాయి. అక్టోబరులో లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో దొరికిన దోషం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాస్‌వర్డు సరిపోయిందని చెప్పాల్సింది సర్వరు. లోపలికి రాదలచినవాడే ఆ మాట సర్వరుకు చెప్పేస్తే, సర్వరు సరేనని రానిచ్చింది. నాలుగేళ్లుగా అలా ఉంది. పారమికోలో మార్చి నెలలో బయటపడ్డది దాని చుట్టమే. దాన్ని సర్వరుగా వాడినప్పుడు, ఎదుటివాడు లాగిన్ పూర్తి చేశాడా లేదా చూడకుండానే అడిగిన పని చేసేది. రెండింటినీ వెంటనే సరిచేశారు.

2024 మార్చిలో జరిగింది ఇంకో రకం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీకి ఎస్‌ఎస్‌హెచ్‌తో సంబంధమే లేదు, కొన్ని లినక్స్ పంపిణీల్లో చుట్టుతిరుగుడుగా దాన్నంటుకుని ఉంటుందంతే. దాన్ని ఏళ్లుగా ఒంటిచేత్తో చూసుకుంటున్నది లాసె కోలిన్ అనే ఫిన్లండు మనిషి. జియా టాన్ అన్న పేరుతో ఎవరో సాయం చేస్తానంటూ వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టారు. ఆ పేరు వెనక ఎవరున్నారో తేలలేదు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజనీరు. ఆయన వెతుకుతున్నది దొంగను కాదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని చిరాకుపడి తవ్వాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. దొంగదారి ఉన్న వెర్షన్ అప్పటికి ఎక్కువగా ప్రయోగ దశ పంపిణీల్లోనే ఉంది కాబట్టి తార్నాక సర్వర్ల దాకా రాలేదనే అనుకోవాలి.

ఈ భాగం రాస్తుండగా మా వీధిలో అద్దెకుండే ఎం.టెక్ కుర్రాళ్లు ఇద్దరు తమ ప్రాజెక్టు చూపించారు. గదిలోని ల్యాప్‌టాప్ నుంచి కాలేజీ ల్యాబు యంత్రంలోకి పారమికోతో వెళ్లి లెక్కలు నడిపిస్తున్నారు. కోడు శుభ్రంగా ఉంది, ఏడో లైనులో ఆటో యాడ్ పాలసీ ఉంది. ఆ లైను తీసేయమన్నాను.

"తీసేస్తే నడుస్తలేదు సార్."

"నడవకూడదు. వేలిముద్ర సరిచూసుకుని సర్వరు కీని జాబితాలో పెట్టండి, అప్పుడు నడుస్తుంది."

ల్యాబులో ఉన్న అసిస్టెంటుకు ఫోన్ కలిపారు. ఆయన సర్వరు దగ్గర కూర్చుని కమాండు కొట్టి, నలభై మూడు అక్షరాల వేలిముద్రను చదవడం మొదలుపెట్టాడు. పెద్ద కే, చిన్న ఎం, ఏడు, ప్లస్ గుర్తు, మళ్లీ పెద్ద కే. ఎదుట ఒకడు కాగితం మీద రాస్తున్నాడు, ఇంకొకడు తన తెర మీద వచ్చిన దానితో పోలుస్తున్నాడు. సగంలో ఆగి ఫోన్లోంచి గొంతు వినిపించింది, "అరేయ్, అది సున్నానా, ఓ అక్షరమా?" ముగ్గురూ కలిసి మొదటి నుంచి మళ్లీ చదువుకున్నారు. రెండోసారి సరిపోయింది. ఆ సర్వరు కీని ఫైల్లో పెట్టుకుని, ఏడో లైను లేకుండా ప్రోగ్రాం నడిపారు. నడిచింది.